బైపాడ్ పెట్టినా గురి ఎందుకు చెదురుతోంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(జవాబులు ఇస్తున్నవారు సైన్యంలో ఆయుధ శిక్షకుడిగా పనిచేసి, హవల్దార్‌గా రిటైరై, చెన్నై ఆవడిలో స్థిరపడిన మన తెలుగాయన.)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బైపాడ్ గురించే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, రైఫిల్ ముందు భాగాన్ని మోసే రెండు కాళ్ళ స్టాండు అది. వారమంతా ఓఎంఆర్‌లోనో వైట్‌ఫీల్డ్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్ళే తెలుగు పిల్లలు ఈమధ్య బాగా పెరిగారు. నాకు అది చాలా సంతోషం. వాళ్ళు కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టి కొన్న వస్తువు వాళ్ళకి పనికిరావాలి. అందుకే ఈ నెల పేజీలన్నీ దీనికే ఇవ్వమని సంపాదకుల్ని అడిగాను.

ప్రశ్న: సార్, నాది .22 రైఫిల్. లైసెన్సు ఉంది, క్లబ్ మెంబర్‌ని. ఇన్నాళ్ళూ ఇసుక మూట మీద ఆనించి 50 మీటర్ల టార్గెట్ కాల్చేవాణ్ణి. ఐదు గుండ్లూ రెండు సెంటీమీటర్లలో పడేవి. మంచి బైపాడ్ కొన్నాక అవే గుండ్లు ఐదారు సెంటీమీటర్ల దాకా చెదురుతున్నాయి. బైపాడ్ మార్చాలా?
- ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: తమ్ముడూ, బైపాడ్ మార్చే ముందు ఒక్క సంగతి చెప్పు. కాల్చేటప్పుడు నీ ఎడమ చెయ్యి ఎక్కడుంటోంది? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. నేను చూసినంతలో కొత్తవాళ్ళు చాలామంది బైపాడ్ బిగించాక కూడా ఎడమ చేత్తో ఫోరెండ్‌నే, అంటే గొట్టం కింద ఉండే ముందు భాగాన్నే, పట్టుకుంటారు. ముందు భాగాన్ని బైపాడ్ మోస్తోంది కదా, అక్కడ ఇక చేతికి పని లేదు. పని అంతా వెనక, భుజానికి ఆనించే బట్ దగ్గర ఉంది.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. బైపాడ్ పాదాల నుంచి బట్ చివరిదాకా 70 సెంటీమీటర్లు అనుకో. బట్ ఒక్క మిల్లీమీటరు పైకి లేస్తే 50 మీటర్ల దూరంలో గురి ఏడు సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. మనం రోజూ వాడే జిరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. బట్ అంత మాత్రం కదిలినా అక్కడ ఏడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. అంటే ఒక కాగితం మందం కదలిక నిన్ను పది అంచుకు తోసేస్తుంది. ఇసుక మూట మీద ఉన్నప్పుడు ఫోరెండ్ మెత్తగా కూరుకుని ఉండేది, మూట దాన్ని రెండు పక్కలా ఒరుసుకుని పట్టుకునేది. నీ ఒంటి కదలికలు కొంతవరకు అందులో ఇంకిపోయేవి. బైపాడ్ మీద ఆ సాయం లేదు. సన్నటి పాదాలు రెండూ నేలను తాకుతుంటాయి, నువ్వు వెనక ఏం చేస్తే అది టార్గెట్ మీద కనిపిస్తుంది.

సైన్యంలో లైట్ మెషిన్ గన్ బైపాడ్ మీదే ఉంటుంది. అది కాల్చేవాడి ఎడమ చెయ్యి బట్ మీద ఉంటుంది, భుజంలోకి అదిమి పట్టుకోవడానికి. నీ .22 కి అంత బలం అక్కర్లేదు. బట్ కింద ఒక చిన్న సంచి పెట్టు. దాన్నే రియర్ బ్యాగ్ అంటారు. ఎడమ చేతిని మడిచి ఛాతీ కిందుగా తెచ్చి ఆ సంచిని గుప్పిట్లో పట్టుకో. పిడికిలి బిగిస్తే సంచి పైకి ఉబ్బుతుంది, బట్ లేస్తుంది, క్రాస్ హెయిర్ (స్కోపులో కనిపించే గురి గీతలు) దిగుతుంది. వదులు చేస్తే క్రాస్ హెయిర్ పైకి వస్తుంది. ఎత్తు సరిచేసుకోవడం అంతా ఆ పిడికిలితోనే జరగాలి. భుజంతోనో చెంపతోనో నొక్కి దించకూడదు. మొదట సంచిని కొంచెం తక్కువ ఎత్తులో ఉంచుకుని, పిడికిలి బిగించి గురి మీదికి తెచ్చుకుంటే, అటూ ఇటూ సర్దుకోవడానికి చేతిలో చోటు మిగులుతుంది.

ఇక ఒళ్ళు. పాత పద్ధతిలో, అంటే స్లింగ్‌తో (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీతో) బోర్లా పడుకునేటప్పుడు, ఒంటిని రైఫిల్‌కి ఏటవాలుగా పెట్టమని నేర్పుతారు. స్లింగ్‌కి అది సరైనదే. బైపాడ్‌కి పనికిరాదు. బైపాడ్ మీద నీ వెన్నెముక రైఫిల్ గొట్టానికి సమాంతరంగా ఉండాలి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఆ తన్ను తిన్నగా భుజంలోకి, అక్కడి నుంచి నడుము మీదుగా కాళ్ళలోకి పోవాలి. కుడిచేతి వాటం వాడు ఒంటిని ఎడమకి ఒరగదీసి పడుకుంటే, తన్నుకి భుజం ఒక పక్కకి తప్పుకుంటుంది, రైఫిల్ ముందు భాగం ఎడమకి గెంతుతుంది. .22 లో తన్ను చాలా తక్కువే. కానీ గుండు గొట్టంలోంచి బయటపడటానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, రైఫిల్ కదలడం ఆ లోపలే మొదలైపోతుంది. .315 లాంటి పెద్ద రైఫిల్‌తో అయితే ఇదంతా కంటికే కనిపిస్తుంది.

ఒంటిని సరిచేసుకున్నావో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. గురి పెట్టి కళ్ళు మూసుకో. రెండుసార్లు ఊపిరి పీల్చి వదులు. ఒళ్ళు వదులు చేసి కళ్ళు తెరువు. క్రాస్ హెయిర్ టార్గెట్ మీదే ఉంటే సరే. పక్కకి పోయి ఉంటే చేతులతో లాక్కురావద్దు, కడుపును నేలమీద జరిపి ఒళ్ళు మొత్తాన్ని సర్దుకో. బలవంతంగా లాక్కొచ్చిన గురి ట్రిగర్ నొక్కే క్షణంలో తిరిగి తన చోటికి వెళ్ళిపోతుంది. ఊపిరి పీలుస్తున్నప్పుడు క్రాస్ హెయిర్ నిట్టనిలువుగా పైకీ కిందికీ ఆడాలి. ఐమూలగా ఆడుతోందంటే ఒళ్ళు ఇంకా వంకరగానే ఉంది.

తర్వాతిది బైపాడ్ మీద ఒత్తిడి. కాళ్ళకి కీళ్ళున్నాక, ఎంత ఖరీదైన దాంట్లోనైనా, కాస్త వదులు ఉండక మానదు. ఆ వదులు ఒక గుండుకి ముందుకి, ఒక గుండుకి వెనక్కి ఉంటే గ్రూపు రాదు, అంటే గుండ్లన్నీ ఒకే చోట పడవు. అందుకని బట్‌ని భుజం గుంటలో, కంఠం ఎముక పక్కన కుదురుగా పెట్టుకుని, కాలి వేళ్ళు నేలకి ఆనించి ఒంటిని రవ్వంత ముందుకి జరుపు. ఒంటి బరువు బట్ మీద వాలుతుంది, కాళ్ళలో వదులు పోతుంది. అంతవరకే. కండలు బిగించి తోయడం మొదలుపెడితే అర నిమిషంలో ఒణుకు వస్తుంది. ఊపిరి వదిలేశాక కూడా ఆ ఒత్తిడి ఏ కష్టమూ లేకుండా అలాగే నిలిస్తే నీకు తగిన ఒత్తిడి అదే. మొదటి గుండుకి ఎంత ఉందో ఐదో గుండుకీ అంతే ఉండాలి. నిజం చెప్పాలంటే ఎంత అన్నది రెండో మాట.

సిమెంటు గచ్చు మీద రబ్బరు పాదాలు పట్టు దొరక్క జారతాయి, లేదా తన్నుకి ఎగిరిపడతాయి. కింద ఒక కొబ్బరిపీచు పట్టా వేసుకో. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా చాలు. పాదం అందులో దిగి కూర్చుంటుంది.

నేను పిల్లలకి చేయించే ఇంకో పని చెబుతాను. పట్టా లేకుండా, గచ్చు మీదే పెట్టి, రెండు పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీయమంటాను. ఐదు గుండ్లు కాల్చాక, రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, రేంజ్ ఆఫీసర్ సరేనన్నాక వంగి చూడమంటాను. సుద్ద గీత ఒక పక్కనే చెదిరి, రబ్బరు అంచుకి తెల్లగా అంటుకుని ఉంటుంది. ఎడమ పక్క చెదిరితే ఒళ్ళు ఎడమకి ఒరిగింది. రెండు పాదాలూ వెనక్కి జరిగి ఉంటే ఒత్తిడి చాల్లేదు. గీత గీసినట్టే ఉంటే వాడి ముఖం చూడాలి! మాటల్లో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ సుద్ద చూపిస్తుంది.

చివరిగా, ట్రిగర్ నొక్కగానే తల ఎత్తి టార్గెట్ వైపు చూడొద్దు. ట్రిగర్‌ని వెనక్కి నొక్కి ఉంచే స్కోపులో చూస్తూ ఉండు. క్రాస్ హెయిర్ కదిలి తిరిగి ఎక్కడికి వచ్చి ఆగిందో అది నీకు చాలా చెబుతుంది. గురి పెట్టిన చోటికే వచ్చిందంటే గుండు కూడా మంచి చోటే పడి ఉంటుంది. గ్రూపు నిలువుగా సాగితే సంచి దగ్గర, ఊపిరి దగ్గర, ఒత్తిడి దగ్గర వెతుకు. అడ్డంగా సాగితే ఒళ్ళు, ట్రిగర్ వేలు, గాలి చూసుకో. రెండు చోట్ల రెండు గుంపులుగా పడుతుంటే మాత్రం నీ ఒంటిని తిట్టుకోకు, స్క్రూలు చూడు. బైపాడ్ బిగించిన స్టడ్, స్కోపు మౌంటు, స్టాక్ (గొట్టాన్ని మోసే రైఫిల్ ఒళ్ళు) స్క్రూలు, ఏదో ఒకటి వదులై ఉంటుంది.

ఇంకొక్క మాట. ఇసుక మూట మీద చేసిన జీరోయింగ్ (గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోపుని సరిచేసుకోవడం) బైపాడ్‌కి అలాగే పనిచేస్తుందని అనుకోవద్దు. తేడా వస్తుంది. బైపాడ్ మీదే మళ్ళీ జీరో చేసుకో. చెక్క స్టాక్ అయితే, బైపాడ్ మీద పెట్టి ముందుకి ఒత్తిడి ఇచ్చినప్పుడు ఫోరెండ్ వంగి గొట్టాన్ని తాకుతోందేమో కూడా చూడాలి. ఖాళీ రైఫిల్‌కి గొట్టం కింద ఒక కాగితం ముక్క దూర్చి లాగి చూడు. ఎక్కడైనా ఇరుక్కుంటే గన్‌స్మిత్‌కి చూపించు.

ప్రశ్న: అన్నా, నా దగ్గర స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, గొట్టం మడిచి లోడ్ చేసేది. ఆన్‌లైన్‌లో చవకగా వస్తోందని గొట్టానికి బిగించే బైపాడ్ తెప్పించాను. పది మీటర్లలో కూడా పెల్లెట్లు ఇష్టం వచ్చినట్టు పోతున్నాయి. చేత్తో పట్టుకుంటేనే నయంగా ఉంది. ఇదేం విడ్డూరం?
- ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: విడ్డూరమేమీ లేదు తమ్ముడూ, నీ చెయ్యే సరైనది. ఆ బైపాడ్ ఇవాళే విప్పెయ్. గొట్టం మడిచే రైఫిల్‌లో ప్రతిసారీ గొట్టం తెరుచుకుని మూసుకోవాలి, తిరిగి అదే చోట కూర్చోవాలి. దాని మీద బరువు వేలాడదీసి, రైఫిల్ భారమంతా ఆ కీలు మీద వాల్చితే గురి ఎలా నిలుస్తుంది?

అసలు సంగతి ఇంకోటి ఉంది. స్ప్రింగ్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది. అది దూకగానే రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ గొట్టం మొదట్లో నొక్కుకున్న గాలిని గుద్దుకుని ఆగేసరికి రైఫిల్ ముందుకి తూలుతుంది. ఈ రెండు కుదుపులూ మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. అందుకే ఈ రైఫిల్‌ని బిగించి పట్టుకోకూడదు, గట్టి వస్తువు మీద ఆనించకూడదు. ఎన్‌సీసీలో చదువుకున్నవాళ్ళకి 'మజ్బూత్ పకడ్', అంటే గట్టి పట్టు, అని నేర్పిస్తారు. స్ప్రింగ్ రైఫిల్‌కి అది చెల్లదు. అరచేతిని తెరిచి, రైఫిల్ బరువు సమంగా తూగే చోట కింద పెట్టి, దాని మీద రైఫిల్‌ని ఊరికే పడుకోబెట్టు. వేళ్ళు ముడవొద్దు. భుజానికి తగిలీ తగలనట్టు ఆనించు. ఆ చేతిని కావాలంటే మెత్తని దిండు మీద పెట్టుకో. రైఫిల్ తన ఇష్టానికి కదలాలి, కానీ ప్రతిసారీ ఒకేలా కదలాలి.

బైపాడ్ మీద మనసు అంతగా ఉంటే పీసీపీ రైఫిల్ గురించి ఆలోచించు. ముందే నింపిపెట్టుకున్న గాలితో పనిచేసేది కాబట్టి దాంట్లో కుదుపు లేనట్టే లెక్క. అంబత్తూరు తమ్ముడికి చెప్పినదంతా దానికి వర్తిస్తుంది. బైపాడ్‌ని స్టాక్‌కి గానీ దాని కిందున్న రైలుకి (సామాను బిగించే లోహపు పట్టీకి) గానీ బిగించాలి. గొట్టానికి వద్దు, గాలి సిలిండర్‌కి అసలే వద్దు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వేళచ్చేరి దగ్గర 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. నిలబడి కాల్చేటప్పుడు చెయ్యి నొప్పి పుడుతోందని, పాయింట్లు రావడం లేదని ఇంటికొచ్చి ఏడుస్తోంది. ఇంట్లో సాధన చెయ్యడానికి బైపాడ్ కొనిద్దామంటే కోచ్ వద్దంటున్నారు. కొంటే తప్పేమిటి?
- ఒక తల్లి, మడిపాక్కం

జవాబు: అమ్మా, కోచ్ మాట వినండి. ఆయన మీ పాప మంచికే చెబుతున్నారు. ఒలింపిక్ పద్ధతిలో జరిగే పోటీల్లో 10 మీటర్లకైనా 50 మీటర్లకైనా బైపాడ్ ఒప్పుకోరు. 10 మీటర్లలో రైఫిల్‌ని నిలబడి, సొంత ఎముకల మీద మోయాలి. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక పైన ఆనాలి, బరువు అక్కడి నుంచి కాలి మీదుగా నేలలోకి పోవాలి. చెయ్యి నొప్పి పుడుతోందంటే బరువు ఇంకా కండ మీదే ఉంది, ఎముక మీదికి చేరలేదు. ఆ చేర్చడమే ఆట. బైపాడ్ దాన్ని నేర్పదు.

మన చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచాడు. మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి కాల్చాలి అందులో. మొదటి రెండింటికీ చేతికి స్లింగ్ కట్టుకోవచ్చు, మూడోదానికి అదీ లేదు. పారాలింపిక్స్‌లో చేతులతో రైఫిల్ బరువు మోయలేని వాళ్ళకి ఎస్‌హెచ్2 అనే విభాగం ఉంది. వాళ్ళకి మాత్రం స్ప్రింగ్ ఉన్న స్టాండు మీద రైఫిల్ పెట్టుకోనిస్తారు.

చిన్నపిల్లలకి మొదట్లో రైఫిల్‌ని స్టాండు మీద ఆనించి ట్రిగర్, చూపు నేర్పించి, తర్వాత మెల్లగా స్టాండు తీసేసే కోచ్‌లు ఉన్నారు. అది కోచ్ కళ్ళముందు జరగాల్సిన పని. రైఫిల్ బరువు పాపకి ఎక్కువేమో అడగండి. 5.5 కిలోలు అన్నది దాటకూడని హద్దు, అంత బరువు ఉండి తీరాలని కాదు. పన్నెండేళ్ళ పిల్లకి తేలికైనది, బట్ పొడవు తగ్గించగలిగేది దొరుకుతుంది. ఈ వయసులో పాయింట్ల గురించి టెన్షన్ పెట్టుకోనివ్వకండి. కాగితం తెల్లది తగిలించి, వలయాలు లేకుండా గ్రూపు మాత్రమే చూసుకుంటూ కాల్చమనండి. ఏడుపు తగ్గుతుంది.

ప్రశ్న: విదేశాల్లో ఎఫ్-క్లాస్ పోటీల్లో బైపాడ్‌ని ముందుకి తోయకుండా, రైఫిల్‌ని వెనక్కి జారనిస్తారని విన్నాను. మా క్లబ్‌లో పెద్దలేమో ముందుకి తోయమంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: రెండూ నిజమే తమ్ముడూ. ఎఫ్-క్లాస్ అంటే దూరపు టార్గెట్‌ని బోర్లా పడుకుని, రైఫిల్‌ని ఆసరా మీద పెట్టి కాల్చే పోటీ. దానికి ఆ పేరు కెనడాకి చెందిన జార్జ్ ఫార్కర్సన్ పేరు మీదుగా వచ్చింది. అందులో ఎఫ్-టీఆర్ అనే విభాగం బైపాడ్ వాళ్ళది. .223 గానీ .308 గానీ వాడాలి, స్కోపు, బైపాడ్ అన్నీ కలిపి బరువు 8.25 కిలోలు దాటకూడదు. వాళ్ళు వాడే బైపాడ్ మన దగ్గర దొరికే మడత కాళ్ళ రకం కాదు. చాలా వెడల్పుగా, నేలకి అంటుకుని, పాదాల చోట పొడవాటి చదును పట్టీలతో ఉంటుంది. పరిచిన పట్టా మీద ఆ పట్టీలు ముందుకీ వెనక్కీ ఒకే దారిలో జారతాయి. వెనక బరువైన సంచికి చెవుల్లా లేచిన రెండు అంచుల మధ్య బట్ అదే దారిలో జారుతుంది. అంత ఏర్పాటు ఉన్నప్పుడు రైఫిల్‌ని తాకీ తాకనట్టు వదిలేస్తే బాగా పనిచేస్తుంది.

సన్న పాదాల బైపాడ్‌తో, చేతిగుప్పిట్లో పట్టే సంచితో అదే పద్ధతి చేయబోతే రైఫిల్ గెంతుతుంది. మీ క్లబ్ పెద్దలు మీ దగ్గరున్న సామాను చూసి చెబుతున్నారు. వాళ్ళ మాటే వినండి. ఒక రోజు తోసి, ఒక రోజు వదిలేసి, రెండూ కలిపేస్తే మాత్రం ఏ పద్ధతీ మీకు లొంగదు.

ప్రశ్న: తల అటూ ఇటూ వాలే బైపాడ్ మంచిదా, కదలనిది మంచిదా? కాళ్ళు ఎంత ఎత్తుండాలి?
- ఒక పాఠకురాలు, కోరమంగళ, బెంగళూరు

జవాబు: వాలేదే కొనుక్కో తల్లీ, కానీ బిగించడానికి మర ఉన్నదై ఉండాలి. నేల ఎప్పుడూ సమంగా ఉండదు. తల వాలితే రైఫిల్‌ని నిటారుగా సరిచేసుకోవచ్చు, సరిచేశాక మర బిగించెయ్యాలి. రైఫిల్ ఒక పక్కకి వాలి ఉంటే గుండు అదే పక్కకి, కొంచెం కిందికి పోతుంది. .22 గుండు 50 మీటర్లు చేరేసరికి సుమారు పన్నెండు సెంటీమీటర్లు కిందికి జారుతుంది, దాన్ని లెక్కలో పెట్టుకునే గొట్టం కాస్త పైకి చూసేలా జీరో చేస్తాం. రైఫిల్ ఐదు డిగ్రీలు వాలితే ఆ పైకి చూడటంలో కొంత పక్కకి చూడటం అయిపోతుంది. ఫలితం సెంటీమీటరు పక్కకి. పది పడాల్సిన గుండు తొమ్మిది అవుతుంది. చిన్న వాలు కంటితో చూస్తే సులువుగా తెలియదు కూడా. స్కోపు మీద చిన్న రసమట్టం ఒకటి అంటించుకుంటే సరి.

ఎత్తు సంగతి. బోర్లా పడుకున్నా బల్ల మీద పెట్టినా ఆరు నుంచి తొమ్మిది అంగుళాల రకం చాలామందికి చాలు. పొడవాటి మెడ, భారీ ఒళ్ళు ఉన్నవాళ్ళకి తొమ్మిది నుంచి పదమూడు. మెడ నొప్పి పుట్టకుండా ఎంత కిందికి ఉంచగలిగితే అంత కిందికి ఉంచుకోవాలి.

ప్రశ్న: రియర్ బ్యాగ్‌లో ఏం నింపాలి? బజారులో కొనేది చాలా రేటు ఉంది.
- ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: కొనక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు జానెడు కత్తిరించి, ఒక చివర రెండు వరసలు కుట్టు. ఇసుకని కడిగి, మిద్దె మీద రెండు ఎండలు బాగా ఎండబెట్టి, జల్లించి పొయ్యి. ముప్పాతిక వంతే నింపు. నిండుగా కూరితే పిడికిలి బిగించినా సంచి కదలదు, ఎత్తు సరిచేసుకోలేవు. బియ్యం, రాగులు పొయ్యొద్దు, పురుగు పడుతుంది, ఎలుకలు కొరుకుతాయి. దుమ్ము రాలకుండా లోపల ఒక సాక్సు తొడిగి దాంట్లో ఇసుక పోస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మధ్యాహ్నం పన్నెండు దాటాక నా గుండ్లన్నీ ఎడమకే పోతున్నాయి. పొద్దున బాగానే ఉంటోంది. బైపాడ్ వేడికి వదులవుతుందా?
- ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: మీ రేంజ్ ఉత్తరం వైపు చూస్తోందా? అయితే అది బైపాడ్ కాదు, సముద్రపు గాలి. చెన్నైలో మధ్యాహ్నానికి తూర్పు నుంచి గాలి లేస్తుంది, మీకు అది కుడి నుంచి ఎడమకి వీస్తుంది. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి .22 గుండుని 50 మీటర్లలో రెండు, మూడు సెంటీమీటర్లు తోసేస్తుంది. టార్గెట్ పక్కన ఒక సన్నటి రిబ్బను కట్టి, అది ఒకేలా ఊగుతున్నప్పుడు మాత్రమే కాల్చండి. బైపాడ్ పరీక్షలన్నీ పొద్దున ఎనిమిదిన్నర లోపు ముగించుకోండి.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా, మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద పిట్టగోడకి బైపాడ్ ఆనించి పావురాల్ని కొట్టొచ్చా?
- ఒక పాఠకుడు (ఊరు రాయలేదు)

జవాబు: వద్దు. 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు మినహాయింపు 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ రైఫిళ్ళకి ఉంది. అది మీ ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళ మీదికి పెల్లెట్లు పంపడానికి ఇచ్చిన అనుమతి కాదు. ఒక మనిషి కన్ను పోవడానికి అందులో చాలా తక్కువ శక్తి సరిపోతుంది. తప్పిన పెల్లెట్ పిట్టగోడ దాటితే కింద బట్టలు ఆరేసే అమ్మ ఉంటుంది, ఆడుకునే పిల్లలు ఉంటారు. రైఫిల్ ముందు గట్టి మట్టిదిబ్బో, పెల్లెట్‌ని ఆపే ఇనుప పెట్టో లేనిచోట బైపాడ్ విప్పనే కూడదు. ప్రాణుల్ని కొట్టడం గురించి నన్ను అడగొద్దు. నేను నేర్పేది కాగితం మీద కాల్చడం. క్లబ్‌కి వెళ్ళండి, అక్కడ చక్కగా చెబుతారు.

ప్రశ్న: తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గర మా ఇల్లు. బైపాడ్ కాళ్ళ స్ప్రింగులు ఎర్రగా తుప్పు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉప్పుగాలికి అది తప్పదమ్మా. రేంజ్ నుంచి రాగానే రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బైపాడ్ విప్పండి. పొడిగుడ్డతో తుడిచి, మరో గుడ్డకి రెండు చుక్కలు గన్ ఆయిల్ వేసి స్ప్రింగులు, మరలు, జారే కాళ్ళు పల్చగా రుద్దండి. నూనె కారేలా వెయ్యొద్దు, ఇసుక అంటుకుని కాళ్ళు బిగుసుకుపోతాయి. రబ్బరు పాదాలకి నూనె తగలనివ్వకండి, జారతాయి. ఇప్పటికే పట్టిన తుప్పుని నూనెలో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది. రైఫిల్ సంచిలో, బైపాడ్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. స్ప్రింగు సాగి వదులైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు, బైపాడ్ మొత్తం కొనక్కర్లేదు. రెండు కాళ్ళ స్ప్రింగులూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే కాళ్ళు సమంగా మడవవు.